రసమట్టానికి అందని గోడ

మేస్త్రీ సంచిలోని పనిముట్లలో చిన్నప్పటినుంచీ నాకు ముచ్చటైనది రసమట్టం. చెక్కదిమ్మెలో ఇమిడిన చిన్న గాజు గొట్టం, అందులో ద్రవం, ద్రవంలో ఒకే ఒక్క బుడగ. ఆ బుడగ రెండు గీతల నడుమ కుదురుకుంటే వరస కుదిరినట్టు. ఏ కాస్త పక్కకు జరిగినా మేస్త్రీ మొహం చిట్లించి, ఇటుకను తాపీ పిడితో తట్టి సర్దేవాడు. ఇల్లు ఎంత పెద్దదైనా దాని మంచిచెడ్డలు తేల్చేది ఆ బుడగే. ఆ బుడగ మాట చెల్లని గోడ ఒకటి ఉంటుందని తెలియడానికి నాకు అరవై ఏళ్లు పట్టింది. దాన్ని చూసి వచ్చినప్పటినుంచి నా గది గోడల్ని కూడా వేరే కళ్లతో చూస్తున్నాను.

ఆ గోడ అమెరికాలో, టెక్సస్‌లో, ఒక బస్సులో ఉంది. అమ్మాయి వాళ్లింటికి వెళ్లినప్పుడు, వాళ్ల వీధి చివర రేకుల షెడ్డు కింద ఒక పాత స్కూలు బస్సును ఇల్లుగా మార్చుకుంటున్న దంపతులు పరిచయమయ్యారు. ఆయనకు వడ్రంగం చేతనవును. ఆవిడకు లెక్కలు చేతనవును. నాకు చేతనైనది చూడడమే కాబట్టి రోజూ సాయంత్రం వెళ్లి ఒక పెయింటు డబ్బా మీద కూర్చునేవాణ్ణి. అలాంటి బస్సు ఇంటిని అక్కడివాళ్లు ‘స్కూలీ’ అని ముద్దుగా పిలుచుకుంటారు.

పసుపుపచ్చ బస్సు అమెరికా వాళ్లకు బాల్యం లాంటిది. 1939లో న్యూయార్క్‌లో, కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో ఫ్రాంక్ సియర్ అనే ఆచార్యుడు సమావేశం పెట్టి, దేశంలోని బడి బస్సులన్నిటికీ 44 ప్రమాణాలు కుదిర్చాడు. తెల్లవారుజాము మసకలో నల్ల అక్షరాలు స్పష్టంగా కనబడతాయని ఈ పసుపును ఎంచారు. నవలాకారుడు కెన్ కెసీ 1964లో మిత్రులతో దేశాన్ని అడ్డంగా చుట్టివచ్చిన ‘ఫర్దర్’ బస్సు కూడా 1939లో తయారైనదే. 1971లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బస్సుల బారు కట్టి టెనెసీ చేరి ‘ది ఫార్మ్’ అనే ఊరు నెలకొల్పినవాళ్లు మొదట కాపురమున్నదీ ఆ బస్సుల్లోనే. కాబట్టి బస్సులో ఇల్లు అక్కడ వింతేమీ కాదు. నన్ను కట్టిపడేసింది బస్సు కూడా కాదు, అందులో లేచిన ఒక అడ్డుగోడ.

గోడ కథ కూల్చడంతో మొదలైంది. సీట్లు పీకారు. తుప్పు పట్టిన బోల్టుల్ని కోశారు. నేల మీది రబ్బరు చాపను, దాని కింది ప్లైవుడ్డును లేపారు. పైకప్పు లోపలి రేకును పట్టి ఉంచిన రివెట్లకు ఒక్కొక్కదానికీ తల ఎగరగొట్టారు. వందలకొద్దీ రివెట్లు! విసుగొచ్చి ఇన్నెందుకు కొట్టారయ్యా అనిపిస్తుంది. జవాబు 1977 నాటి భద్రతా నియమాల్లో ఉంది. బస్సు ఖాళీ బరువుకు ఒకటిన్నర రెట్లు పైకప్పు మీద మోపినా అది 5 అంగుళాల పైచిల్లర కంటే కుంగకూడదు. రేకుల అతుకులకు ఆ రేకు బలంలో 60 శాతమైనా ఉండాలి. బస్సు బోల్తా కొట్టినా లోపలి పిల్లలు నలగకూడదని ఎవరో కూర్చుని వేసిన లెక్క అది. ఊడివచ్చిన ప్రతి రివెట్టూ ఒక పసివాడి తల మీద పెట్టిన చెయ్యిలా కనిపించింది నాకు.

రేకు ఊడాక ఉక్కు పక్కటెముకలు బయటపడ్డాయి. ఒక్కొక్కటీ ఈ పక్క నేల దగ్గర పుట్టి, రెండు కిటికీల మధ్య నిలువుగా ఎక్కి, తలపైన వంపు తిరిగి, ఆ పక్క నేలకు దిగుతుంది. అలాంటివి ముందునుంచి వెనక దాకా వరసగా. నాకు మా తాతగారి గూడుబండి గుర్తొచ్చింది. వెదురు బద్దల్ని ఇలాగే వంచి, రెండు కొసల్నీ బండి అంచులకు బిగించి, పైన చాప పరిచేవారు. చాప చిరిగితే బద్దల వంపుల్లోంచి ఆకాశం కనిపించేది. ఆ వంపు కింద కూర్చున్నవాడికి తనను ఎవరో పొదువుకున్నట్టుంటుంది. నలుచదరపు గదిలో ఆ పొదువుడు ఉండదు. గది మనల్ని లోపల ఉంచుకుంటుంది గానీ పొదువుకోదు.

ఎముకల మధ్య ఖాళీల్లో ముందు ఫోమ్ పలకలు కూర్చారు. చలిరాత్రి లోపల పడుకున్నవాళ్ల ఊపిరి చల్లటి ఉక్కును తాకితే నీరవుతుంది. ఆ నీరు గోడ వెనక చేరి తుప్పవుతుంది, బూజవుతుంది. ఖాళీలన్నీ నింపినా ఉక్కు ఎముక మాత్రం బయటి చలిని లోపలికి మోసుకొస్తూనే ఉంటుంది. అందుకని ఎముకలకు అడ్డంగా చెక్కపట్టీలు బిగించి, వాటి మీద లోపలి పలకలు వేశారు. ఉక్కుకీ చర్మానికీ మధ్య ఒక చెక్క మధ్యవర్తి. పైకప్పుకు సన్నటి దేవదారు పలకల్ని, ఒకదాని అంచు పక్కదాని గాడిలో దూరేలా, బస్సు పొడవునా పరిచారు. చెక్కను వంచలేదు. ఒక్కో పలకా తిన్నగానే ఉంది. పక్కపలక దగ్గర మాత్రం రవ్వంత ఒరిగింది. ఆ ఒరుగులన్నీ కలిస్తే వంపు. తిన్నని మాటలతోనే సాగుతూ చివరికి మనసును వంచేసే కథకుడి పద్ధతి ఇది.

ఇక అడ్డుగోడ. వంటిల్లు ఇటు, పడకగది అటు.

ఇంట్లో గోడ ముందు పుడుతుంది, కప్పు తరవాత వస్తుంది. గోడ మోస్తుంది, కప్పు నిలుస్తుంది. బస్సులో వరస తిరగబడింది. కప్పు ఎప్పుడో ఉంది. పిల్లల కోసం వేసిన లెక్క దాన్ని మొయ్యనే మోస్తోంది. చివరగా వచ్చిన ఈ గోడకు మొయ్యడానికి ఏమీ మిగల్లేదు. పైగా తననే బస్సు మోసుకు తిరగాలి. అక్కడి ఇళ్లలో గది గోడకు వాడే నిలువు చెక్క మందం 3.5 అంగుళాలు, రెండు పక్కలా జిప్సం పలకలు కలిపితే 4.5. ఈ గోడకు వాడిన చెక్క పేరుకు 2 అంగుళాలది, కొలిస్తే 1.5. అటూ ఇటూ పావంగుళం ప్లైవుడ్డు కలిపితే మొత్తం 2 అంగుళాలు. జిప్సం పలక పనికిరాదు. బరువు ఒకటి, బస్సు మెలికకు పగలడం రెండు. మేకులూ పనికిరావు, దారి కుదుపుకు వదులవుతాయి. జిగురు, మరలు. అంతే.

భారం లేని గోడకు మిగిలిన పని ఏమిటి? ఇది ‘ఇక్కడ’, అది ‘అక్కడ’ అని చెప్పడం. ఎంత ఆలోచించినా మరో పని కనబడలేదు. వాచ్యార్థం తన పని ముగించుకుని తప్పుకున్న చోట ధ్వని మొదలవుతుందని మన ఆలంకారికులు చెప్పే మాట, చెక్కలో చెబితే ఇలా ఉంటుంది కాబోలు.

ఆ ‘ఇక్కడ’ ఎక్కడ తెగాలి? ఇందులోనే ఉంది పనితనమంతా. కిటికీ నడిమధ్యన గోడ పెడితే సగం అద్దం వంటింటికి, సగం పడకగదికి పోయి, బయటినుంచి చూసేవాడికి కిటికీలో గోడ మందం కనబడుతుంది. ఆవిడ టేపు పట్టుకుని రెండు రోజులు నడిచింది. మంచానికి కావలసిన పొడవు ఒక చోటు చెబుతోంది, కిటికీల వరస మరో చోటు చెబుతోంది. చివరకు మంచాన్నే కురచ చేసుకుని, గోడను రెండు కిటికీల మధ్య కమ్మీ దగ్గర, సరిగ్గా ఎముక మీద నిలబెట్టారు. 2013లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒక వాస్తుశిల్ప విద్యార్థి తన చివరి ఏడాది ప్రాజెక్టుగా ఇలాంటి బస్సునే ఇల్లు చేశాడు. అతని బస్సులో కిటికీ నుంచి కిటికీకి దూరం 28 అంగుళాలు. ఆ 28నే గణంగా పెట్టుకుని తన సామానంతా అందులో అల్లుకున్నాడు.

గణం అని ఊరికే అనలేదు. బస్సు కిటికీల వరస చూస్తే ఛందస్సు గుర్తు రాకుండా ఉండదు. కిటికీ, కమ్మీ, కిటికీ, కమ్మీ. ఆ నడకలో గోడ పడే చోటు యతిస్థానం. సంస్కృతంలో యతి అంటే విరామం, అక్కడ మాట విరగాలి. మన తెలుగులో మాట విరగనక్కర్లేదు గానీ అక్షరానికి అక్షరం మైత్రి కుదరాలి. ఉత్పలమాలకు పదో అక్షరం, చంపకమాలకు పదకొండోది, మొదటి అక్షరాన్ని పలకరించి తీరాలి. ఈ గోడ రెండు ధర్మాలనూ పాటించింది. చూపును విరవవలసిన చోట విరిచింది. ఎడమ ఎముకను తాకిన అంచు, తల మీదుగా వెళ్లి, కుడి పక్కన అదే ఎముకను అందుకుంది. విరామమూ మైత్రీ ఒకే చెక్కలో. మంచం కురచైతే కాళ్లు ముడుచుకోవచ్చు. యతి తప్పితే పద్యం ముడుచుకోదు.

గోడ పై అంచు గియ్యడానికి ఒక రోజు పట్టింది. బస్సు పైకప్పు ఒకే వృత్తంలోని ముక్క కాదు. నడిమధ్య దాదాపు చదునుగా ఉండి, అంచులకు వచ్చేసరికి చప్పున వంగుతుంది. వంపు దిగాక కిటికీల దగ్గర కాస్త లోపలికి వాలుతుంది, కిటికీ గట్టు దగ్గర ఒక మెట్టు, ఆ కింద తిన్నగా నేలకు. ఇంతా చేసి ఎడమ కుడి పక్కలు ఒకదానికొకటి ప్రతిబింబాలు కావు. ఎన్నో ఏళ్లు పిల్లల్ని మోసిన ఒళ్లు ఎక్కడో ఒక చోట కుంగుతుంది. ఏ లెక్కా ఆ గీతను పట్టలేదు. ఆవిడ లెక్కల కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

ఆయన ఒక పెద్ద అట్టముక్కను పైకప్పుకు చేరువగా నిలిపి కట్టాడు. బడిపిల్లల కంపాస్ ఒకటి తీశాడు. దాని ముల్లు పైకప్పును తాకుతూ నడుస్తుంటే, పెన్సిలు కాలు అట్ట మీద అదే నడకను గీసుకుంటూ పోయింది. ఒక కాలు ఉన్నదాన్ని తడుముతోంది, రెండోది రాబోయేదాన్ని రాస్తోంది. నడుమ దూరం మారకుండా పట్టుకోవడమే చేతి విద్య. అట్ట కోసి పెట్టి చూశాడు, ఒక చోట వేలు దూరేంత సందు. మళ్లీ గీశాడు, మళ్లీ కోశాడు. మూడో అట్ట కుదిరింది. దాన్ని ప్లైవుడ్డు మీద పరిచి, గీతకు కాస్త వెలుపలగా కోసి, ఆ మిగులును చిత్రికతో కొద్దికొద్దిగా తీస్తూ, ప్రతిసారీ ఎత్తి చూసుకుంటూ, ఎక్కడ ఆనుతోందో అక్కడ పెన్సిలుతో మరక పెట్టుకుంటూ గీతదాకా వెళ్లాడు. రివ్వున రాలే చెక్కపూలు బస్సంతా వాసన నింపాయి. ఆఖరిసారి ఎత్తినప్పుడు గోడ పైకప్పులోకి ఒదిగిన చప్పుడు, బరిణె మీద మూత పడినంత మెత్తగా వినిపించింది.

కావ్యానికి ప్రాణం వక్రత అన్నాడు ఆలంకారికుడు కుంతకుడు. చదువుకునే రోజుల్లో ఆ మాటను పరీక్ష కోసం బట్టీపట్టాను. వంకరగా చెప్పడం ఎందుకు గొప్ప, తిన్నగా చెబితే పోలా అనుకునేవాణ్ణి. ఈ అంచును చూశాక అతనన్న వక్రత వంకరతనం కాదని తోచింది. ఉన్న వస్తువు వంపును మాట తన అంచుగా చేసుకోవడం అది. ఆ అంచు మరే బస్సుకూ సరిపోదు. ఇదే కంపెనీ, ఇదే ఏడు చేసిన మరో బస్సులో పెట్టినా ఎక్కడో వేలు దూరుతుంది. మరో మాటతో మార్చలేని మాట కవిత్వంలో ఎంత అరుదో చెక్కలోనూ అంతే అరుదు.

గోడ నిలబెట్టిన రోజున నేను పెద్దరికం చూపబోయాను. మూల ఉన్న రసమట్టం తెచ్చి గోడకు ఆనించాను. బుడగ ఒక కొసకు పరుగెత్తింది. ‘‘వంకరగా ఉంది’’ అన్నాను. ఆయన నవ్వి, రసమట్టాన్ని నా చేతిలోంచి తీసుకుని నేల మీద పెట్టాడు. బుడగ అక్కడా కొసకే పోయింది. కిటికీ గట్టు మీద పెట్టాడు, అదే వరస. షెడ్డు నేలే వాలుగా ఉంది మరి. రేపు మరో చోట ఆగితే వాలు మరో పక్కకు. ఆయన మూలమట్టం తీసి బస్సు నేలకూ గోడకూ మధ్య పెట్టాడు. వెంట్రుకవాసి సందు లేదు. ఈ గోడ భూమికి నిటారుగా ఉండనక్కర్లేదు, తన బస్సుకు నిటారుగా ఉంటే చాలు.

పేరులో రసం పెట్టుకున్న ఆ పనిముట్టు చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. పద్యాన్నీ, పాటనూ, బొమ్మనూ మనం చాలాసార్లు ఈ రసమట్టంతోనే కొలుస్తాం. మన నేలకు అది నిటారుగా ఉందా అని చూస్తాం. దాని నేలకు అది నిటారుగా ఉందా అని అడగం. మరో ఆలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యం అన్నది ఈ రెండో ప్రశ్నకేనేమో.

ఆ ప్రశ్నతో చూస్తే మెచ్చలేని బస్సు ఇళ్లూ ఉన్నాయి. ఫొటోల్లో చాలా చూశాను. పైకప్పు వంపును పెట్టెలతో కప్పేసి, మూలలన్నీ నలుచదరం చేసి, తెల్లరంగు పూసి, బస్సులో ఉన్నామన్న సంగతే తెలియకుండా చేస్తారు. గదులు సౌకర్యంగానే ఉంటాయి. కానీ పట్నంలో పల్లె యాస దాచుకునే మనిషిని చూసినట్టు జాలి వేస్తుంది. ఎముకల్ని అడ్డంగా కోసి, నడుమ ఉక్కు అతికి, కప్పును ఎత్తు చేసుకునేవాళ్లూ ఉన్నారు. పొడుగు మనిషికి 6 అడుగుల ఎత్తులో నడుం వంచుకుని బతకమని నేను చెప్పలేను. ఆ అతుకును దాచకుండా, కొత్త ఎత్తును కొత్త లయగా చేసుకున్నవాళ్ల పని బాగానే ఉంటుంది. దాచినవాళ్ల పనిలోనే ఏదో ఊపిరాడదు.

ఈ గోడకు తలుపు నడిమధ్యన లేదు, కాస్త కుడికి జరిగి ఉంది. రెక్క తలుపు తెరుచుకోవడానికి చోటు తింటుంది కాబట్టి జరిపే తలుపు పెట్టారు. దారిలో అదే జరిగిపోకుండా ఒక గడియ. మునుపు డ్రైవరు సీటు పక్కన నిలబడితే బస్సంతా ఒక్క చూపులో అయిపోయేది. సీట్లు లేక, గోడ లేక, అది ఒక పొడుగాటి పెట్టె. లోపలి వెడల్పు 7.5 అడుగులే. గోడ వచ్చి ఇంకా ఇరుకు కావాలి. కానీ బస్సు పొడవు పెరిగింది! తలుపు సందులోంచి దుప్పటి అంచు ఒకటి, ఆ వెనక అత్యవసర ద్వారపు అద్దంలోంచి వెలుతురు చార ఒకటి కనబడుతున్నాయి. మిగతాది కనబడదు. కనబడనిదాన్ని మనసు పొడిగించుకుంటోంది.

కూచిపూడివాళ్లకు ఈ రహస్యం ఎప్పుడో తెలుసు. భామాకలాపంలో సత్యభామ ప్రవేశానికి ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. ఒక గుడ్డముక్క, రెండు జతల చేతులు. అది దేన్నీ మొయ్యదు, ఎవర్నీ ఆపదు. దాని మీదుగా సత్యభామ జడ ఇవతలికి పడుతుంది. అంతే, ఇంకా చూడని ఆ మనిషి రంగస్థలమంతా నిండిపోతుంది. తెర లేకుండా ఆవిడ నడిచి వస్తే ఒక నర్తకి వచ్చినట్టే ఉండేది. బస్సులోని ఈ రెండంగుళాల గోడ ఆ తెరకు చెల్లెలు. దుప్పటి అంచే ఇక్కడ జడ.

సాయంత్రం వెలుగులో ఆ గోడను చూడాలి. పడమటి కిటికీలు ఒక్కొక్కటి ఒక్కో వెలుగు పలకను గోడ మీద పెడతాయి. ఆ కిటికీలు కూర్చున్న పిల్లల కంటి ఎత్తుకు కట్టినవి. అందుకే పెద్దవాళ్లు నిలబడి చూస్తే రోడ్డే కనిపిస్తుంది, కూర్చుంటేనే ఆకాశం. ఇల్లయ్యాక ఆ బస్సు లోపలికి వచ్చినవాళ్లందరినీ పిల్లల్లా కూర్చోబెడుతుంది. గోడ మీది వెలుగు పలకలు మెల్లగా పైకి పాకి, వంపు దగ్గర వంగి, పైకప్పు దేవదారు మీదికి ఎక్కి ఆరిపోతాయి. గోడకూ కప్పుకూ మధ్య అతుకు ఎక్కడుందో ఆ వెలుగు పట్టుకోలేకపోయింది.

నేను తిరిగి వచ్చే ముందు రోజు బస్సును మొదటిసారి కదిలించారు. షెడ్డులోంచి గుంతల మట్టిదారి మీదుగా రోడ్డు దాకా వెళ్లి రావడం. బయల్దేరే ముందు ఆయన పెన్సిలు తీసి, గోడ మీద మొదలుపెట్టి పైకప్పు మీదికి సాగేలా ఒక చిన్న గీత గీశాడు. గోడ ఏమాత్రం కదిలినా గీత రెండు ముక్కలవుతుంది. నన్ను లోపల కూర్చోమన్నారు. కిటికీ గట్టు మీద ఎవరో మరిచిన రసమట్టం నా ఎదురుగానే ఉంది.

ఇంజను లేచింది. మొదటి గుంతలో ముందు చక్రం దిగగానే బస్సు ఒళ్లంతా మెలిపడింది. ఉక్కు ఎముకలు మూలిగాయి. రసమట్టంలో బుడగ పిచ్చెత్తినట్టు ఈ కొసకూ ఆ కొసకూ కొట్టుకుంది. గోడ, కప్పు, నేల, నేను, అందరం ఒకే పక్కకు ఒరిగి ఒకేసారి లేచాం. అరమైలు వెళ్లి తిరిగి వచ్చి ఆగాక, ఆవిడ చేతిదీపం పట్టుకుని గీత దగ్గరకు వెళ్లింది. నేనూ లేచి వెళ్లి చూశాను.

గీత ఒక్కటిగానే ఉంది. ఆవిడ దాన్ని తుడవబోయి, వేలు వెనక్కి తీసుకుంది.